హిప్నటైజ్ చేసి దోచుకెళ్ళారు... అది నిజంగా కుదిరే పనేనా?

లాస్ట్ ఎపిసోడ్‌లో డిజిటల్ అరెస్ట్ మోసాల గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద కామెంట్లు చదువుతుంటే ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది. "బ్రో, అది మామూలు ఫ్రాడ్ కాదు, వాయిస్‌తోనే హిప్నటైజ్ చేసేస్తారు." "మా అంకుల్ రిటైర్డ్ ఇంజనీర్, అంత తెలివైన మనిషి డబ్బు పంపాడంటే హిప్నాటిజం కాక ఇంకేంటి?" ఇలాంటివి చాలా వచ్చాయి. వీటితో పాటు ఇన్‌స్టాలో ఒకమ్మాయి పెద్ద మెసేజ్ పెట్టింది. అది హిప్నోథెరపీ గురించి. నిజం చెప్పాలంటే ఈ ఎపిసోడ్ ఆ మెసేజ్ వల్లే చేస్తున్నాను. దాని దగ్గరికి కాసేపట్లో వస్తా, ముందు అసలు హిప్నాసిస్ అంటే ఏంటో చూద్దాం.

మన బుర్రలో హిప్నాటిజం అనగానే వచ్చే సీన్ ఎక్కడిది? నా వయసు వాళ్ళకైతే డౌటే లేదు, 'సెవెన్త్ సెన్స్'. 2011లో వచ్చింది. విలన్ డాంగ్ లీ అలా నడుచుకుంటూ వెళ్తూ ఒకడి కళ్ళలోకి చూస్తాడు, వాడు వెళ్ళి పక్కవాడి మీద పడిపోతాడు. ఆ సినిమా వచ్చిన కొత్తలో మా క్లాసులో సగం మంది మ్యాథ్స్ సార్ కళ్ళలోకి గుచ్చి గుచ్చి చూశాం. హోంవర్క్ డబుల్ అయింది తప్ప ఇంకేం జరగలేదు. అంతకుముందు 2005లో 'అపరిచితుడు' ఉంది. డాక్టర్ హిప్నటైజ్ చేస్తాడు, లోపల దాక్కున్న మనిషి మొత్తం గతంతో సహా బయటికొచ్చేస్తాడు. ఈ రెండు సీన్లూ బాగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, చూపుతో మనిషిని రిమోట్‌లా నడిపించొచ్చు అనేది. రెండోది, బుర్రలో అంతా రికార్డ్ అయి ఉంటుంది, హిప్నాసిస్ ఆ ఫైల్ ఓపెన్ చేస్తుంది అనేది. రెండూ తప్పే. కానీ రెండోదాని వల్ల జరిగే డ్యామేజ్ గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు.

అసలు హిప్నాటిజం అనే పేరే మొదటి కన్‌ఫ్యూజన్. దానికంటే ముందు మెస్మరిజం ఉండేది, పారిస్‌లో మెస్మర్ అనే డాక్టరు పేరు మీద. మనుషుల్లో ఏదో అయస్కాంత ద్రవం లాంటిది ఉంటుంది, దాన్ని నేను కంట్రోల్ చేస్తాను అనేవాడు. 1784లో రాజు పదహారో లూయీ ఒక కమిటీ వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజియే అందులో సభ్యులు. ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టుని 'మ్యాగ్నటైజ్' చేయించి, ఒక కుర్రాడి కళ్ళకి గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్ళారు. వాడు స్పృహ తప్పి పడిపోయాడు, నిజమే. కాకపోతే పడింది వేరే చెట్టు దగ్గర! అంటే పవర్ చెట్టులో లేదు, మెస్మర్ శిష్యుడిలో లేదు, ఆ కుర్రాడి ఊహలో ఉంది. టెస్టింగ్ టీమ్‌లో పనిచేసిన ఎవరికైనా ఈ కథ నచ్చుతుంది, పక్కా బ్లైండ్ టెస్ట్.

తర్వాత 1841లో మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్ ఒక మెస్మరిజం షోకి వెళ్ళాడు, మోసం ఏంటో పట్టుకుందామని. చూస్తే ఆ మనిషి కనురెప్పలు నిజంగానే తెరవలేకపోతున్నాడు. బ్రెయిడ్ ఇంటికొచ్చి తన భార్యని, ఒక ఫ్రెండ్‌ని ఒకే వస్తువు వైపు కదలకుండా చూడమన్నాడు. ఏ ద్రవమూ లేకుండా, ఏ చూపూ లేకుండా అదే స్థితి వచ్చింది. నిద్రలా ఉందని గ్రీకుల నిద్రదేవుడు హిప్నోస్ పేరు మీద హిప్నాటిజం అన్నాడు. కొన్నేళ్ళకి, ఇది నిద్ర కాదు, మనసు ఒకే ఆలోచన మీద నిలవడం అని అర్థమై, పేరు మారుద్దామనుకున్నాడు. అప్పటికే లేట్. వేరియబుల్‌కి ఒకసారి తప్పు పేరు పెట్టి ప్రొడక్షన్‌లోకి పంపాక మార్చడం ఎంత కష్టమో కోడ్ రాసేవాళ్ళకి తెలుసు.

కాబట్టి హిప్నాసిస్‌లో ఉన్న మనిషి నిద్రపోవట్లేదు. మాటలు వినపడతాయి, బయట హారన్ కొడితే తెలుస్తుంది, లేచి వెళ్ళాలనుకుంటే వెళ్ళొచ్చు. 'వాడు మధ్యలో వదిలేసి పోతే నేను అందులోనే ఇరుక్కుపోతానా' అని అడుగుతుంటారు. ఇరుక్కుపోరు. మామూలుగా బయటికొచ్చేస్తారు, లేదంటే కునుకు పట్టి లేస్తారు. మెట్రోలో రీల్స్ చూస్తూ అమీర్‌పేట్ దాటిపోయి, ఎర్రమంజిల్‌లో తలెత్తి చూశారా ఎప్పుడైనా? అనౌన్స్‌మెంట్ మీ చెవిలో పడింది, పట్టించుకోలేదంతే. అలా దృష్టి ఒకచోట కుదురుకున్నప్పుడు, 'మీ చెయ్యి తేలికైపోతోంది' లాంటి సూచన ఇస్తే అది మామూలు కంటే బలంగా పనిచేస్తుంది. అంతకంటే పెద్ద రహస్యం లేదు.

అంటే అంతా నటనేనా? అదీ కాదు. ఒక టెస్ట్ ఉంది. 'ఎరుపు' అనే మాటని పచ్చ రంగులో రాసి, ఏ రంగులో ఉందో చెప్పమంటారు. మాట చదవకుండా ఉండలేం కాబట్టి అందరం ఒక క్షణం తడబడతాం. దాని పేరు స్ట్రూప్ టెస్ట్. హిప్నాసిస్‌కి బాగా స్పందించే వాళ్ళకి, 'ఆ అక్షరాలు మీకు తెలియని భాషలో ఉన్న గుర్తుల్లా కనిపిస్తాయి' అని ముందే సూచన ఇచ్చి ఈ టెస్ట్ పెట్టాడు అమీర్ రాజ్ అనే సైంటిస్ట్. 2002లో వచ్చిన ఆ స్టడీలో వాళ్ళ తడబాటు దాదాపు పోయింది. కావాలని నటించి ఆ స్పీడ్ తెచ్చుకోవడం కష్టం.

అయితే అందరికీ ఒకేలా పనిచేయదు. 1959లో స్టాన్‌ఫర్డ్‌లో హిల్‌గార్డ్, వైట్జెన్‌హోఫర్ అని ఇద్దరు కలిసి దీన్ని కొలిచే స్కేల్ తయారుచేశారు, 12 చిన్న చిన్న టెస్టులు. సుమారు 10 నుంచి 15 శాతం మందికి చాలా బలంగా, అంతే మందికి దాదాపు ఏమీ లేకుండా, మిగతా అందరికీ మధ్యస్తంగా పనిచేస్తుంది. బలహీనమైన మనసున్న వాళ్ళే పడతారు అనేది ఉత్తమాట. పుస్తకంలోనో సినిమాలోనో మునిగిపోయి పిలిచినా పలకని రకం ఉంటారు చూడండి, ఆ గుణంతో దీనికి కొంచెం సంబంధం ఉంది. పైగా ఇది ఎత్తు, బరువుల్లా మనిషికి ఉండే లక్షణం. అవే టెస్టులు 25 ఏళ్ళ తర్వాత మళ్ళీ పెడితే స్కోర్లు పెద్దగా మారలేదు.

స్టేజ్ షోల మ్యాజిక్ కూడా ఇక్కడే ఉంది. మన తెలుగువాళ్ళకి హిప్నాటిజం అంటే బి.వి.పట్టాభిరామ్ గారి షోలు గుర్తొస్తాయి. ఏ స్టేజ్ షో అయినా మొదటి పది నిమిషాలు గమనించండి. హాల్ మొత్తాన్నీ చేతులు బిగించమంటారు, 'ఇప్పుడు విడదీయలేరు' అంటారు. విడదీయలేని వాళ్ళనే పైకి పిలుస్తారు. పైకొచ్చాక ఇంకొందరిని మెల్లగా కిందికి పంపేస్తారు. అంటే ఐదొందల మంది మీద ఫిల్టర్ పెట్టి, మిగిలిన ఏడెనిమిది మందితో షో నడుస్తుంది. ఆ ఏడెనిమిది మందికి స్టేజ్ ఎక్కాలనే సరదా కూడా ఉంటుంది. కోడిలా కూయమంటే ఎందుకు కూయరు?

సరే, ఇప్పుడు కామెంట్ల దగ్గరికి వద్దాం. హిప్నటైజ్ చేసి తప్పు పని చేయించొచ్చా?

1965లో ఆర్న్, ఎవాన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ప్రశ్ననే టెస్ట్ చేశారు. లోతైన హిప్నాసిస్‌లో ఉన్న వాళ్ళకి విషపు పాముని చేత్తో పట్టుకోమన్నారు, యాసిడ్‌లో ఉన్న నాణేన్ని ఒట్టి చేత్తో తీయమన్నారు, ఆ యాసిడ్‌ని ఎదురుగా ఉన్న మనిషి మొహం మీద పోయమన్నారు. నిజంగా ఎవరికీ ఏమీ కాకుండా ఏర్పాట్లున్నాయిలెండి, కానీ ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు. 6 మందిలో 5 మంది చేసేశారు. ఇక్కడ ఆగిపోతే డాంగ్ లీ కరెక్ట్ అనిపిస్తుంది. వాళ్ళు ఆగలేదు. హిప్నాసిస్ లేకుండా, ఉన్నట్టు నటించమని ఇంకో 6 మందికి చెప్పారు. ఆ 6 మందికి 6 మందీ చేశారు! అసలు హిప్నాసిస్ ఊసే లేని వాళ్ళని గట్టిగా అడిగితే వాళ్ళలోనూ చాలామంది చేశారు. తర్వాత ఎందుకు చేశారని అడిగితే, ఇది ఎక్స్‌పెరిమెంట్ కదా, మాకు ఏమీ కానివ్వరని అనుకున్నాం అన్నారు.

ఇక్కడ పనిచేసింది కోటు వేసుకున్న మనిషి మీద నమ్మకం. హిప్నాసిస్ తీసేసినా రిజల్ట్ మారలేదు.

మా పిన్ని విషయం చెప్తాను. కొన్నేళ్ళ క్రితం, పొద్దున్నే గుడికి వెళ్తుంటే బైక్ మీద ఇద్దరు ఆపారు. 'మేం పోలీసులం అమ్మా, ముందు వీధిలో గొలుసు దొంగలు తిరుగుతున్నారు, నగలు తీసి ఈ కాగితంలో చుట్టి బ్యాగ్‌లో పెట్టుకోండి' అన్నారు. వాళ్ళే సాయం చేసి చుట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పితే గులకరాళ్ళు. నాలుగు తులాల గొలుసు. పిన్ని చెప్పింది ఒకటే, "వాడు నా కళ్ళల్లోకి చూశాడు నాన్నా, ఆ తర్వాత నాకేం తెలీదు." చుట్టాలందరికీ అదే చెప్పింది. కానీ నిదానంగా కూర్చుని అడిగితే అంతా తెలుసు. వాళ్ళు ఏ చొక్కా వేసుకున్నారు, ఏమన్నారు, తనకి చెయ్యి ఎలా వణికింది, అన్నీ చెప్పింది. మరి హిప్నాటిజం అని ఎందుకంది? ఎందుకంటే 'అంత తెలివి తక్కువగా ఎలా ఇచ్చావే' అని బాబాయ్ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా అందరూ అడుగుతున్నారు. ఆ ప్రశ్నకి హిప్నాటిజం ఒక్కటే గౌరవమైన జవాబు. నాకు అది అర్థమైంది, తప్పు కూడా పట్టను.

కానీ దానివల్ల ఏమైందో చూడండి. వీధిలో మిగతా ఆడవాళ్ళకి చేరిన వార్త 'ఎవడో కళ్ళలోకి చూసి దోచేస్తున్నాడు' అని. దానికి వాళ్ళేం జాగ్రత్త తీసుకుంటారు, కళ్ళు మూసుకుని నడుస్తారా? 'పోలీసు అని చెప్పి నగలు తీయమంటే తీయకండి, అరవండి' అనే అసలు సమాచారం ఎవరికీ చేరలేదు.

డిజిటల్ అరెస్ట్ కూడా అంతే. మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటాడు, యూనిఫాం చూపిస్తాడు, వీడియో కాల్ కట్ చేయొద్దంటాడు, ఇంట్లో వాళ్ళకి చెప్తే వాళ్ళనీ అరెస్ట్ చేస్తామంటాడు. భయం, అధికారం, ఒంటరితనం, టైమ్ ప్రెజర్. మీ రిటైర్డ్ ఇంజనీర్ అంకుల్ జీవితమంతా పై ఆఫీసర్ మాటకి విలువ ఇచ్చి బతికిన మనిషి. ఆ అలవాటే ఇక్కడ బటన్‌లా పనిచేసింది. ఆయన్ని ఎవరూ హిప్నటైజ్ చేయలేదు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు, ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే కాల్ కట్ చేసేవారు. డబ్బు పోయిందా, అదే గంటలో 1930కి కాల్ చేయించండి, ఎందుకు ఇచ్చారని తర్వాత అడగొచ్చు. అసలు అడక్కపోయినా పర్లేదు.

ఇప్పుడు ఆ మెసేజ్. తన పర్మిషన్ తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. చదువు అయిపోయింది, జాబ్ వెతుక్కుంటోంది. రాత్రిళ్ళు గుండె దడ, ఊపిరి ఆడనట్టు, చచ్చిపోతానేమో అన్నంత భయం. ఇంట్లో చెప్పలేదు. ఆన్‌లైన్‌లో ఒక 'రిగ్రెషన్ కోచ్' ప్యాకేజీ తీసుకుంది. రెండో సెషన్‌లో అతను, 'నీ చిన్నప్పుడు దగ్గరి బంధువు ఎవరో నిన్ను ఏదో చేశారు, నీ సబ్‌కాన్షస్ దాచిపెట్టింది, చూడు, ఎవరు కనిపిస్తున్నారు?' అన్నాడట. తనకి మావయ్య మొహం కనిపించింది. అప్పట్నుంచి మావయ్య ఇంటికొస్తే గదిలోంచి బయటికి రావట్లేదు. "అన్నా, ఇది నిజంగా జరిగిందా? హిప్నాసిస్‌లో అబద్ధం రాదంట కదా?" ఇదీ ప్రశ్న.

హిప్నాసిస్‌లో అబద్ధం వస్తుంది. కావాలని కూడా చెప్పొచ్చు, తెలియకుండా కూడా వస్తుంది. జ్ఞాపకం అనేది ఫోన్‌లో వీడియో లాంటిది కాదు. వీడియోని ఎన్నిసార్లు చూసినా ఫైల్ మారదు. జ్ఞాపకాన్ని బయటికి తీసిన ప్రతిసారీ కొంచెం ఎడిట్ అయి మళ్ళీ సేవ్ అవుతుంది. మాంట్రియల్‌లో లారెన్స్, పెర్రీ అనే ఇద్దరు 1983లో ఒక స్టడీ ప్రచురించారు. హిప్నాసిస్‌కి బాగా స్పందించే 27 మందిని తీసుకున్నారు. అంతకుముందు వారంలో ఒక రాత్రికి తీసుకెళ్ళి, 'పెద్ద శబ్దం వినిపించి మీకు మెలకువ వచ్చింది కదా' అనే సూచన ఇచ్చారు. శబ్దం అనేది సైంటిస్టులు కల్పించిన మాట. హిప్నాసిస్ అయిపోయాక అడిగితే 27 మందిలో 13 మంది ఆ శబ్దం నిజంగానే విన్నామన్నారు.

అది ఒక శబ్దం కాబట్టి పోయింది. శబ్దం ప్లేస్‌లో 'దగ్గరి బంధువు ఎవరో' అని పెట్టి చూడండి.

అందుకే 1985లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఒక రిపోర్టులో, హిప్నాసిస్‌లో వచ్చే జ్ఞాపకాల్లో కల్పన కలిసే ఛాన్స్ ఉందని, మామూలు జ్ఞాపకం కంటే అవి ఎక్కువ కరెక్ట్ ఏమీ కాదని తేల్చింది. ఇందులో ప్రమాదం ఏంటంటే, నిజం పెరగదు కానీ నమ్మకం పెరుగుతుంది. 'నేనే కళ్ళారా చూశాను' అనిపిస్తుంది.

పూర్వజన్మ రిగ్రెషన్ కథ కూడా ఇదే. మన టీవీల్లో 2009లో 'రాజ్ పిఛ్లే జనమ్ కా' అని హిందీ షో వచ్చింది, రవి కిషన్ హోస్ట్. అంతకు చాలా ముందు 1952లో అమెరికాలో మోరీ బెర్న్‌స్టీన్ అనే వ్యాపారి ఒక గృహిణిని హిప్నటైజ్ చేస్తే, నేను 1798లో ఐర్లాండ్‌లో పుట్టిన బ్రైడీ మర్ఫీని అంటూ కథలు కథలుగా చెప్పింది. పుస్తకం వచ్చింది, దేశమంతా ఊగిపోయింది. రిపోర్టర్లు ఐర్లాండ్ వెళ్ళి వెతికితే పుట్టిన రికార్డు లేదు, చనిపోయిన రికార్డూ లేదు. చివరికి ఒక షికాగో పేపర్ బయటపెట్టింది ఏంటంటే, ఆమె చిన్నప్పుడు ఎదురింట్లో ఒక ఐరిష్ ఆవిడ ఉండేది, ఆవిడ పెళ్ళికి ముందు పేరు బ్రైడీ మర్ఫీ. పునర్జన్మ మీద మీ నమ్మకం మీది, దాని జోలికి నేను రావట్లేదు. హిప్నాసిస్ దానికి సాక్ష్యం మాత్రం కాదు.

ఆ అమ్మాయికి నేను చెప్పిందే ఇక్కడా చెప్తాను. చిన్నపిల్లల మీద బంధువులే అఘాయిత్యం చేయడం నిజంగా జరుగుతుంది, మన ఇళ్ళలోనే జరుగుతుంది. ఎవరైనా 'నాకు గుర్తుంది' అని చెప్తే కొట్టిపారేయకండి. కానీ ముందు నీకు ఏ గుర్తూ లేకుండా, ఎవరో 'బంధువు' అని హింట్ ఇచ్చాక వచ్చిన బొమ్మ ఏదీ నిరూపించదు. జరిగిందనీ చెప్పదు, జరగలేదనీ చెప్పదు. ఆ సెషన్లు ఈరోజే ఆపు. సైకియాట్రిస్ట్‌ని కలువు. నువ్వు చెప్పిన లక్షణాలు పానిక్ అటాక్‌లా ఉన్నాయి, కానీ థైరాయిడ్, గుండె లాంటివి చెక్ చేసి అది తేల్చాల్సింది డాక్టరు, నేను కాదు. పానిక్ అయితే దానికి సీబీటీ అనే థెరపీ ఉంది, మందులున్నాయి. అది తగ్గడానికి గతంలో దాచిపెట్టిన రహస్యం ఏదీ తవ్వాల్సిన పనిలేదు. తను పోయిన వారం ఒక డాక్టర్‌ని కలిసింది. మావయ్య విషయం ఇంకా తేలలేదు. తేలుతుందో లేదో కూడా చెప్పలేను.

ఇంత చెప్పాక హిప్నోథెరపీ అంతా వేస్ట్ అనుకుంటారేమో. అది ఇంకో తప్పు. 1845లో బెంగాల్‌లో హుగ్లీ దగ్గర జేమ్స్ ఎస్డైల్ అనే స్కాటిష్ డాక్టరు, మత్తుమందు అనేదే లేని రోజుల్లో, మెస్మరిజంతో ఆపరేషన్లు చేశాడు. నొప్పి తెలియలేదని రాశాడు. ప్రభుత్వ కమిటీ వచ్చి చూసి బాగుందంది, కానీ కొందరు పేషెంట్లు మెలికలు తిరిగారని కూడా రాసింది. 1846లో బోస్టన్‌లో ఈథర్ వచ్చాక అందరూ అటే వెళ్ళిపోయారు. మరి నొప్పి మీద దీని ప్రభావం నిజమా? 1997లో మాంట్రియల్‌లో మనుషుల చేతులు వేడి నీళ్ళలో పెట్టించి, బ్రెయిన్ స్కాన్ తీస్తూ చూశారు. నొప్పి వల్ల కలిగే బాధని తగ్గించే సూచన ఇచ్చినప్పుడు, ఆ బాధకి సంబంధించిన మెదడు భాగంలో యాక్టివిటీ కూడా దాంతోపాటే మారింది. నటిస్తే స్కాన్‌లో అలా రాదు.

బాగా పనికొచ్చే ఇంకో చోటు మన కడుపు. ఐబీఎస్ తెలుసు కదా, హాస్టల్ బ్యాచ్‌లో, నైట్ షిఫ్ట్ బ్యాచ్‌లో కనీసం ఒకడు ఉంటాడు. ఉబ్బరం, నొప్పి, ఇంటర్వ్యూ ఉందంటే చాలు బాత్రూమ్‌కి పరుగు, టెస్టుల్లో మాత్రం అంతా నార్మల్. 1984లో పీటర్ వోర్వెల్ అనే డాక్టరు, బ్రెయిడ్ ఊరు మాంచెస్టర్‌లోనే, మందులకి తగ్గని 30 మంది మీద ట్రయల్ చేశాడు. కడుపు మీద దృష్టి పెట్టే హిప్నోథెరపీ తీసుకున్న వాళ్ళు మిగతా గ్రూప్ కంటే చాలా మెరుగయ్యారు. ఇప్పుడు బ్రిటన్ నైస్ గైడ్‌లైన్స్‌లో, ఏడాది మందులు వాడినా తగ్గని ఐబీఎస్‌కి పరిశీలించదగ్గ వాటిలో హిప్నోథెరపీ కూడా ఉంది. సిగరెట్ మానడానికి? ఒక్క సెషన్‌లో మానిపిస్తాం అనే యాడ్స్ చూస్తుంటారు. 2019 కాక్రేన్ రివ్యూ ప్రకారం వేరే పద్ధతుల కంటే బాగా పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు.

కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్ళాలి అంటే నా లెక్క సింపుల్. హిప్నాసిస్ లేకపోయినా మీ జబ్బుకి వైద్యం చేయడానికి ఆ మనిషికి అర్హత ఉందా? కడుపుకి గ్యాస్ట్రో డాక్టర్, పంటికి డెంటిస్ట్, మనసుకి సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్. సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, అడిగితే కోపం వచ్చే వాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. రెండు రోజుల సర్టిఫికెట్ కోర్సు చేసి మాస్టర్ హిప్నాటిస్ట్ అని బయోలో పెట్టుకున్న వాళ్ళు ఇన్‌స్టా నిండా ఉన్నారు. మందులు ఆపేయమన్నా, దాగిన జ్ఞాపకం బయటికి తీస్తామన్నా, పూర్వజన్మ అన్నా డబ్బు కట్టకండి. లేని మాటలు వినపడటం లాంటి సమస్య ఎవరికైనా ఉంటే వాళ్ళని హిప్నాసిస్ వైపు అసలు తీసుకెళ్ళొద్దు, నేరుగా సైకియాట్రిస్టే.

డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకోరు, డబ్బులు లేవు అనేవాళ్ళకి, టెలి మానస్ 14416. ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. నంబర్ స్క్రీన్ మీద వేస్తున్నాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి. హిప్నోథెరపీ తీసుకున్న అనుభవం ఉంటే, బాగున్నా బాగోకపోయినా కామెంట్‌లో రాయండి, క్లినిక్ పేర్లు మాత్రం వద్దు. వచ్చే వారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. బై.